బెట్టా ట్యాంకులో ఏం పెట్టొచ్చు? ఇంట్లో తలో వస్తువూ తెచ్చి పెట్టారు

వేదాయపాలెం అమ్మ:

అందరికీ నమస్తే. మాది నెల్లూరు. ఆరో తరగతి చదివే మావాడు పుట్టినరోజుకి సైకిలొద్దు, ఫైటర్ చేప, అదే బెట్టా, కావాలన్నాడు. నీలం ఒళ్ళు, ఎర్ర తోక. తోక విప్పితే అర్ధచంద్రంలా ఉంటుంది, హాఫ్‌మూన్ రకం అట. షాపులో చిన్న గాజుగిన్నె అంటగట్టబోతే మా తమ్ముడు వద్దని చెప్పి, అడుగున్నర పొడవు ట్యాంకు, 20 లీటర్లు పట్టేది, స్పాంజి ఫిల్టరు, జాలీ మూత తెచ్చి బిగించి వెళ్ళాడు. అంతా బాగానే ఉంది గానీ ట్యాంకు బోసిగా ఉంది. చేప రోజంతా ఫిల్టరు వెనకే నక్కి ఉంటోంది. దాక్కోడానికి ఏదో ఒకటి పెట్టాలని తెలుసు. ఏది పెట్టాలన్నదే గొడవ.

ప్రస్తుతం మా భోజనాల బల్ల మీద ఉన్నవి ఇవి. షాపాయన ఇచ్చిన గులాబీరంగు ప్లాస్టిక్ మొక్క, రంగురాళ్ళ ప్యాకెట్టు, కళ్ళ దగ్గర బొక్కలున్న పుర్రె బొమ్మ. మావాడు మైపాడు బీచిలో ఏరుకొచ్చిన గవ్వలు, ఆల్చిప్పలు. మా అత్తయ్య వాస్తుకని కొన్న ఇత్తడి తాబేలు. "అది నీళ్ళలో ఉండాల్సిందేగా, దానికి వేరే గిన్నె ఎందుకు, చేపతో పాటే ఉంటుంది" అంటున్నారు. వంటింటి గట్టు కట్టినప్పుడు మిగిలిన నల్లరాతి ముక్కలు మావారు తీసుకొచ్చారు. అవి గ్రానైటో కడప బండో ఆయనకే తెలీదు. నాకేమో నిజం మొక్కలు వెయ్యాలని ఉంది. మా పుట్టిల్లు అల్లూరు, అక్కడ కాలవలో నాచు కావలసినంత.

నీళ్ళు కుళాయివి, ఒక రోజు బకెట్లో నిలవ ఉంచి పోస్తున్నాం. వీటిలో ఏది వెయ్యొచ్చు, ఏది వద్దు, ఎందుకు వద్దు? ఎందుకో తెలిస్తే అత్తయ్యకి కూడా చెప్పుకోగలను.

పొగతోట:

ఒక్క చేపకి ఇంత చర్చా అండీ? మా మేనల్లుడు పచ్చడి సీసాలో పెంచుతున్నాడు, రాళ్ళూ లేవు, మొక్కలూ లేవు. బానే ఉంది. ఏది అందంగా కనిపిస్తే అది వేసెయ్యండి, చేప సర్దుకుంటుంది.

ఆక్వా ల్యాబోడు:

అక్కా, నేను కావలి పక్కన ఆక్వా ల్యాబులో పనిచేస్తా ఉండా. రొయ్యల రైతులు సీసాల్లో చెరువు నీళ్ళు తెస్తారు. పీహెచ్ (నీళ్ళ పులుపు, క్షారం కొలత), ఆల్కలినిటీ (పులుపుని తట్టుకునే గుణం), హార్డ్‌నెస్, అమ్మోనియా చూసి రాసిస్తాం. ఇంటికి పోతే నాకూ బెట్టాలు ఉండాయి. అందుకని మీ బల్ల మీది సామాను ఒక్కోటీ శాంపిల్ కిందే చూస్తా, ఏమనుకోబాకండి.

ముందు గవ్వలు. అదంతా కాల్షియం కార్బొనేట్, అంటే సున్నమే. చెరువులో ఆల్కలినిటీ పడిపోతే మేం సున్నం చల్లమని రాసిస్తాం. ట్యాంకులో గవ్వలేస్తే అదే పని, ఎవురూ అడక్కుండానే మెల్లమెల్లగా జరిగిపోతా ఉంటాది. నీళ్ళలో హార్డ్‌నెస్, అంటే కరిగిన సున్నం, పెరుగుతాది, పీహెచ్ పైకి పోతాది. బెట్టాకి 6.5 నుంచి 7.5 దాకా హాయి. కొంచెం అటూ ఇటూ అయినా తట్టుకుంటాది గానీ మారతా ఉండే నీళ్ళు దానికి పడవు. బాబుని కోప్పడొద్దు, గవ్వలన్నీ ఒక గాజు సీసాలో పోసి ట్యాంకు పక్కన పెట్టుకోమనండి.

ఇత్తడి తాబేలు మాత్రం ససేమిరా వద్దు. ఇత్తడంటే రాగి, జింకు. రెండూ కొంచెం కొంచెం నీళ్ళలోకి దిగతాయి, చేప మొప్పల్ని దెబ్బతీస్తాయి. నీళ్ళలో హార్డ్‌నెస్ ఎంత తక్కువుంటే రాగి అంత ఎక్కువ పనిచేస్తాది. చెరువుల్లో పాచి పోవాలని మైలుతుత్తం వేస్తారు, అది రాగే. లెక్క తప్పితే పాచితో పాటు రొయ్య కూడా పోతాది. రాగి చెంబులో నీళ్ళు మనుషులకి మంచివని పెద్దోళ్ళు చెప్తారు, చేపకి ఆ మాట వర్తించదు. అత్తమ్మకి ఇట్టా చెప్పండి: తాబేలుకి దాని పళ్ళెం దానికుండాలి, ఒకరి నీళ్ళలో ఇంకొకరు ఉండకూడదు. ఇది వాస్తులో ఉందో లేదో నాకు తెలీదు, ల్యాబులో మాత్రం ఉంది.

ఇక నల్లరాయి. దీని దగ్గర కాసేపు ఆగాలి, చూపుకి తేడా తెలీదు కాబట్టి. గ్రానైటైతే నీళ్ళని ఏమీ చెయ్యదు. కడప బండ సున్నపురాయి జాతి. తడిపితే రెండూ నల్లగానే కనపడతాయి. రాయిని బాగా ఆరబెట్టి, పాలిష్ లేని పక్కన ఇనప మేకుతో గట్టిగా గీకండి. గ్రానైటు మేకుకి లొంగదు, మేకే అరిగి రాయి మీద బూడిదరంగు చార పడతాది, వేలితో తుడిస్తే రాయి మీద గాటుండదు. కడప బండ మీద తెల్లటి గీత పడి పొడి రాలతాది. సగం జవాబు ఆడనే తెలిసిపోయింది. మిగతా సగానికి ఆ పొడి మీద వెనిగర్ నాలుగు చుక్కలు వేసి, దగ్గరగా వంగి చూడండి. బుడగలు లేస్తే సున్నముంది, బైట పారేయండి. కొన్ని రాళ్ళు గడ్డ మీద పొంగవు, పొడి మీదే పొంగుతాయి, అందుకే గీకమన్నా. నిమ్మరసంతో కూడా అవుద్ది గానీ బుడగ సన్నగా వస్తాది, అవునా కాదా అని ఇంట్లో ఇంకో గొడవ. బాత్రూం యాసిడ్ జోలికి మాత్రం పోబాకండి, పిల్లోడున్న ఇల్లు.

రాయి పనికొస్తాదని తేలితే పొయ్యి మీద పెట్టి ఉడకేసేవాళ్ళు కొందరుంటారు. ఆ పని చెయ్యబాకండి. లోపల చెమ్మ చిక్కుకుని ఉంటే పగిలి ముక్కలెగిరే ప్రమాదముంది. మరిగిన నీళ్ళు పైన పోసి, కొత్త బ్రష్షుతో రుద్దితే చాలు. సబ్బు, సర్ఫు ఏ వస్తువుకీ తగలనియ్యొద్దు.

ప్లాస్టిక్ మొక్క సంగతి మీరే తేల్చొచ్చు. పాత జార్జెట్ చున్నీ ఉంటే దాని మీద ఆకుల్ని ఒకటికి రెండుసార్లు గీరండి. ఒక్క పోగు లేచినా అది హాఫ్‌మూన్ తోకని చీలుస్తాది. తోక మెత్తని పొర, మీ చున్నీ అంత గట్టిది కూడా కాదు. చీలిన చోట నీళ్ళు శుభ్రంగా ఉంటే మళ్ళీ పెరుగుతాది, మురికిగా ఉంటే కుళ్ళు పడతాది. గుడ్డతో చేసిన మొక్కలు దొరుకుతాయి, సిల్కు మొక్కలంటారు, అవి నయం. వాటి కాండంలో ఇనప తీగ బైటికి పొడుచుకొచ్చిందేమో మటుకు చూసుకోండి.

పుర్రె బొమ్మ నాకు అసలు నచ్చలేదు, అందం కోసం కాదు. ఆ కంటి బొక్కలో చేప తల దూరుస్తాది. తల పడతాది, నడుం పట్టదు. ఈడ ఒక సంగతి చెప్పాలి. బెట్టాకి మొప్పలతో పాటు తలలో ఇంకో ఊపిరి అవయవం ఉంటాది, లాబిరింత్ అంటారు. మధ్యమధ్యలో నీటి పైకొచ్చి గాలి మింగాల్సిందే. ఫిల్టరు ఎంత బుడగలేసినా సరే. బొక్కలో ఇరుక్కుని పైకి రాలేకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చస్తాది. చేప నీళ్ళలో మునిగి చావడమేందని నవ్వుతారు గానీ నిజం. కాబట్టి బొక్క ఉంటే చేప అందులో దూరి, లోపలే చుట్టూ తిరిగి బైటికి రాగలిగేంత పెద్దదైనా ఉండాలి, తల కూడా పట్టనంత చిన్నదైనా ఉండాలి. మధ్య సైజు వద్దు. పుర్రె పైన రంగుంది కదా, తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి, గుడ్డకి అంటుకుంటే ఇంక ఆలోచించే పనే లేదు. రంగురాళ్ళకి కూడా ఇదే పరీక్ష.

అల్లూరు నాచు మంచి మొక్కే, పునాచు అంటారు, బెట్టాకి అందులో తిరగడం ఇష్టం. ఇబ్బంది మొక్కతో కాదు, ఊరితో. చుట్టూ వరి, రొయ్యల చెరువులు. కాలవలోకి పురుగుమందు, చెరువుల్లో రొయ్యలు పట్టేసినప్పుడు వదిలిన నీళ్ళు, అన్నీ దిగతాయి. నాచుని అంటుకుని జలగలు, నత్తలు, తూనీగ పిల్లపురుగులు వస్తాయి. ఆ తూనీగ పురుగు చిన్న చేపల్నే పట్టుకుని తినే రకం. అంతగా కావాలంటే తెచ్చి, పర్మాంగనేటు కలిపిన లేత గులాబీరంగు నీళ్ళలో పది నిమిషాలు ముంచి, బాగా కడిగి, వేరే బకెట్లో రెండు మూడు వారాలు నీళ్ళు మారుస్తా ఉంచండి. అప్పుడు వెయ్యొచ్చు.

ఇంత ఓపిక లేకపోతే అనూబియాస్ గానీ జావా ఫెర్న్ గానీ కొనండి. రెండిటికీ వెలుగు పెద్దగా అక్కర్లేదు, ఎరువూ అక్కర్లేదు. వాటి అడుగున అడ్డంగా దుంప లాంటి కాండం ఉంటాది, దాన్ని ఇసకలో పూడ్చబాకండి, కుళ్ళిపోతాది. నూలుదారంతో రాయికి కట్టెయ్యండి, కొన్నాళ్ళకి వేళ్ళు రాయిని పట్టుకుంటాయి. అనూబియాస్ వెడల్పాటి ఆకు ఒకటి నీటి పైమట్టానికి రెండు అంగుళాల కింద వచ్చేట్టు పెట్టండి. రాత్రిళ్ళు దాని మీద ఒరిగి పడుకుంటాది, గాలికి పైకి రావడానికి దూరం కూడా ఉండదు.

ఇంతకీ ఈ చేపది థాయిలాండు వైపు. నిలవ నీటి మడుగులు, వరిమళ్ళు, గడ్డి, కుళ్ళే ఆకులు. మన కోవూరు వైపు చూసేదే. దానికి పుర్రెలూ కోటలూ ఎందుకు? ఎండు ఆకూ, చీకటి మూలా ఇస్తే చాలు. ఆ చీకటి మూలకి కొబ్బరి చిప్పని మించింది లేదు. పీచంతా గీకి, లోపలి కొబ్బరి తునక కూడా మిగలకుండా తీసి, చేప సులువుగా దూరేంత వాకిలి కోసి, అంచుల్ని ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, నీళ్ళు మారుస్తా రెండు మూడు దఫాలు ఉడికించండి. బోర్లా పెట్టండి. చిప్పకి పైన కళ్ళుంటాయి కదా, అందులో మెత్తది ఊడిపోతే చిన్న బొక్క పడతాది, అది తల పట్టని సైజే, పరవాలేదు. మట్టికుండీ అయినా పర్లేదు, రంగెయ్యనిది. దాని అడుగు బొక్క మాత్రం సరిగ్గా ఇరుక్కునే సైజు. దాన్ని రాయితో మూసెయ్యండి, లేకపోతే కుండీని నిలువుగా సగానికి కోయించండి.

అడుక్కి పెన్నా ఇసక చాలు, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. ఎవురింటి ముందో కట్టుబడికి పోసిన కుప్పలోంచి తేబాకండి, సిమెంటు కలిసుంటాది. బీచి ఇసకా వద్దు, దాన్నిండా గవ్వ పిండే.

పొగతోట గారూ, సీసాలో చేప బతకడం బతుకుతాది, పైకొచ్చి గాలి మింగే చేప కాబట్టి. అదే దాని ఖర్మ. వేరే చేపైతే ఎప్పుడో పోయేది, మీవాడు ట్యాంకు కొనేవాడు.

గెలాక్సీ:

ల్యాబు అన్న గ్రానైటు గురించి రాశాడు కాబట్టి నేనూ రెండు ముక్కలు. నాది చీమకుర్తి, కటింగ్ మిషను మీద పని. మా దగ్గర బ్లాక్ గెలాక్సీ తుక్కు కుప్పలుగా ఉంటది. అందులో మెరిసే చుక్కలు బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం, నీళ్ళలో కరగదు. ట్యాంకు లైటు పడితే బలే ఉంటది, మా ఇంట్లో గప్పీల ట్యాంకులో వేశాం.

కాకపోతే అక్కయ్యా, కోసిన ముక్క అంచు కత్తి. చేతులే తెగుతాయి, తోక ఒక లెక్కా? సానరాయి మీద నాలుగు అంచులూ మొద్దుబారేదాకా రుద్దించండి. పాలిష్ పలక కన్నా గరుకు ముక్క మేలు. పాలిష్ దానికి రెసిన్, మైనం పట్టించి ఉంటారు, అద్దంలా మెరిసి చేపకి దాని నీడే కనపడుద్ది, అది శత్రువనుకుని రోజంతా మొప్పలు విప్పుకుని పోట్లాడుద్ది. పగుళ్ళలో కటింగ్ పిండి ఎండిపోయి ఉంటది, అది కడిగేదాకా వదలబాకండి. బరువు కూడా చూసుకోండి. మా రాయి 3 కిలోలు వేస్తే దాదాపు లీటరు నీళ్ళ చోటు పోయినట్టే, ఉన్నదే 20 లీటర్లు. రాయి అడుగున పల్చటి ఫోమ్ షీటు ముక్క వేసి, ముందు రాయి పెట్టి, తర్వాత ఇసక పొయ్యండి. ఇసక మీద పెడితే ఎప్పుడో ఒకప్పుడు జారి అద్దాన్ని కొడుద్ది.

పలకల ఊరు:

మా మార్కాపురం రాయిని మర్చిపోతే ఎట్లా? బడి పలకల రాయి, పొరలు పొరలుగా లేస్తుంది, అక్వేరియంకి ఇంతకంటే అనువైన రాయి లేదు. ఒకదాని మీద ఒకటి పేర్చి గుహ కట్టుకోవచ్చు. కొన్నిట్లో తెల్లటి సున్నపు చారలు ఉంటాయి, ఆ చార మీద వెనిగర్ వేసి చూడాలి. పసిడిరంగు గింజలు మెరిసే ముక్కని నేనైతే పక్కన పెట్టేస్తాను, అది ఇనుము, గంధకం కలిసిన పైరైట్, నీళ్ళలో తుప్పు దిగుతుంది.

గుహ అతికించడానికి బాత్రూముల్లో వాడే సిలికాన్ వద్దు, బూజు పట్టకుండా అందులో మందు కలుపుతారు. అక్వేరియం సిలికాన్ అని విడిగా అడగండి. అతికించాక పులుపు వాసన పూర్తిగా పోయేదాకా ఆరనివ్వాలి. బడి పలక చెక్క చట్రంతో సహా ముంచేవాళ్ళని కూడా చూశాను, చట్రం ఊడదీయండి మహాప్రభో, దానికి రంగుంటుంది, మేకులుంటాయి.

వేదాయపాలెం అమ్మ:

తమ్ముళ్ళందరికీ థాంక్స్. మేకు పరీక్ష మావారే చేశారు. ఒక ముక్క మీద గీత పడలేదు, రెండో దాని మీద తెల్లగా పడింది, వెనిగర్ వేస్తే బుసబుసమంది. అంటే గట్టు ఒక రాయితో, దాని కింది అరలు ఇంకో రాయితో కట్టించామన్నమాట! మేస్త్రీ అంతా గ్రానైటే అని లెక్క కట్టాడు, అది వేరే పంచాయితీ. గులాబీ మొక్క చున్నీ పోగు లాగేసింది. పుర్రె తల గుడ్డకి నల్లగా అంటుకుంది. అత్తయ్య తాబేలు విషయంలో మైలుతుత్తం మాట వినగానే ఆగిపోయారు, వాళ్ళది వ్యవసాయ కుటుంబం.

ఇంకో రెండు సందేహాలు. ఎండు ఆకులన్నారు, ఏ చెట్టువైనా ఫర్వాలేదా? మా వీధి చివర స్కూల్లో బాదంచెట్టుంది. రెండోది, ఇవన్నీ ఒకేసారి వెయ్యొచ్చా, చేప బెదిరిపోదా? అసలే ఎండాకాలం వస్తోంది.

ఆక్వా ల్యాబోడు:

ఏ చెట్టువైనా కాదక్కా. జిల్లేడు, గన్నేరు ఆకులు విషం, దగ్గరికే రానియ్యొద్దు. వేపాకు కూడా వద్దు. మీ బళ్ళో బాదమే కావాల్సింది. థాయిలాండులో ఫైటర్లు పెంచేవాళ్ళు తరాలుగా వాడేది ఆ ఆకే. చెట్టు మీది పచ్చాకు కోయబాకండి, దానంతటది రాలి గోధుమరంగుకి ఎండింది ఏరండి. పురుగు తిన్నది, కాకిరెట్ట పడింది, రోడ్డు దుమ్ము పట్టింది వదిలెయ్యండి. కడిగి, 20 లీటర్లకి అరచేయి పెద్దంత ఒక ఆకు. ముందు తేల్తాది, నానాక అడుక్కి పోతాది. నీళ్ళు పల్చటి టీ రంగుకి తిరుగుతాయి. అత్తమ్మ మురికి అంటారు, మురికి కాదు, ఆకులోని టానిన్లు. పీహెచ్‌ని కొద్దిగా కిందికి లాగుతాయి, బూజునీ కొంత అదుపులో పెడతాయి. ఈనెలు మాత్రమే మిగిలి జల్లెడలాగా అయినప్పుడు తీసేసి కొత్తది వెయ్యండి.

ఒకేసారి వేసేదానికి నేను ఒప్పుకోను. బెదురు సంగతి కాదు, తేడా వస్తే ఏ వస్తువు వల్ల వచ్చిందో తెలీదు. ముందు ఇసకా రాయీ, అదీ ట్యాంకు సగం ఖాళీ చేసే రోజు చూసుకుని. చేపని అప్పుడు పాత నీళ్ళతోనే బకెట్లో ఉంచండి, మూత పెట్టి, ఎగురుతాది. స్పాంజి ఫిల్టరుని కుళాయి కింద కడగబాకండి, అందులో మంచి బ్యాక్టీరియా ఉంటాది, ట్యాంకులోంచి తీసిన నీళ్ళలోనే పిండండి. మూడు నాలుగు రోజులాగి కొబ్బరి చిప్ప, ఆ తర్వాత మొక్క. ప్రతిసారీ చూడాల్సింది: మేత తింటా ఉందా, మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగతా ఉందా, ఒళ్ళు రాయికేసి రుద్దుకుంటా ఉందా. చివరి రెండిట్లో ఏది కనపడినా ఆఖర్న పెట్టింది తీసేసి పావు వంతు నీళ్ళు మార్చండి.

ఎండాకాలానికి వస్తే, బెట్టాకి 24 నుంచి 28 డిగ్రీలు బాగు. రోహిణికార్తెలో మన ఇళ్ళల్లో నీళ్ళు 30 దాటతాయి. గ్రానైటు ముక్క వెయ్యబోతా ఉండారు కాబట్టి ట్యాంకు పడమటి కిటికీ దగ్గరుంటే పక్కకి జరపండి, ఎండ నేరుగా పడితే నల్లరాయి వేడి పట్టుకుంటాది. పైమట్టం మూడొంతులు ఖాళీగా ఉంచండి, మొక్కలు పెరిగి పైనంతా కమ్మేస్తే గాలికి దారుండదు. మూతకీ నీళ్ళకీ మధ్య రెండు మూడు అంగుళాల జాగా వదలండి. కరెంటు పోయి ఫిల్టరు ఆగినా ఈ చేపకి గంటా రెండు గంటలు ఏం కాదు, మేత మాత్రం ఆ పూట వెయ్యబాకండి.